మునిలక్ష్మి కడుపునొప్పి

1943లో నేను తిరుచానూరు దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో కాంపౌండర్‌ని. డాక్టరు రాసిన మందును కలిపి ఇచ్చేవాణ్ణి కాంపౌండర్ అంటారు. డాక్టరుగారు ఉన్నదే నాకు చీటీలు రాయడానికని నా గట్టి నమ్మకం. నా మిక్స్చర్ చేదు ఎంతటిదంటే, ఇక్కడ బిరడా తీస్తే చంద్రగిరి కోట మీద కాకులు లేచిపోయేవి. యుద్ధం రోజులు, సీసాలకు కరువు. రోగులే తెచ్చుకోవాలి. ఆముదం సీసా తెచ్చేవాళ్ళు, అత్తరు సీసా తెచ్చేవాళ్ళు. ఒకాయన ఊరగాయ జాడీ తెచ్చి మెడదాకా పోయమన్నాడు.

అప్పుడు రోజూ బడిగంట వేళకు పూలంగడి చెంగయ్య తన కూతురు మునిలక్ష్మిని తీసుకొచ్చేవాడు. కడుపునొప్పి. బడి మొదలై కాసేపయితే నొప్పీ పోయేది. అంత క్రమశిక్షణ గల కడుపును నా సర్వీసులో మరొకటి చూడలేదు.

పిల్లకు తొమ్మిదేళ్ళుంటాయి. టైఫాయిడ్ వచ్చి చావు తప్పింది. బతికితే తలనీలాలిస్తామని మొక్కుకుని, కొండెక్కి ఇచ్చి వచ్చారు. ఆ తర్వాత పిల్ల బడి గడప తొక్కలేదు.

“గుండు జూసి నగతారని పోదు సామీ,” అన్నాడు చెంగయ్య. “ఈ నెల జూస్తా. అప్పటికీ పోకుంటే సదువూ వద్దు, ఏమీ వద్దు. పూలు కట్టుకోని కూసుంటాది.”

కోపంగానే మొదలుపెట్టాడు కానీ చివరికి పిల్ల గుండు నిమిరాడు. ఆ ఇంట్లో అక్షరం ముఖం చూసిన మొదటి మనిషి ఆ పిల్లే.

అతణ్ణి వసారాలో కూర్చోబెట్టి, పిల్లకు మిక్స్చర్ బదులు ఒక చెంచా సిరప్, అంటే ఉత్త చక్కెర పాకం, పోశాను.

“గుండుకేనా మే సిగ్గు?”

“ఈ ఊర్లో గుండు ఎవురికి లేదు సామీ?” అని నా నెత్తి వైపు చూసింది. నాది మొక్కు కాదు, వయసు.

“బళ్ళో అయివారు కొడతాడా?”

“లేదు.” బల్ల మీది బిరడా తీసి తిప్పింది. “జరం తలకెక్కింది గదా, సదువంతా కాలిపోయింటాదంట. నేను జరంతో కండ్లు మూసుకోని పండుకోనుంటే మా మేనత్త అనింది.”

“పుస్తకం తెరిసి జూసినావా?”

“తెరిస్తే తెలిసిపోతాది గదా సామీ.”

నా బీరువాలో తేలు విషం నుంచి తహసీల్దారు అజీర్ణం దాకా అన్నిటికీ మందుంది. ఆ మాటకు మాత్రం లేదు. అప్పటికప్పుడు పుస్తకం చేతికివ్వబోయి ఆగాను. భయంలో అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తే, ఆ పిల్ల ఇక జన్మలో పుస్తకం ముట్టదు.

సంగతి చెప్పగానే చెంగయ్య గుమ్మంలోనే తిట్టడం మొదలుపెట్టాడు. “మా యక్క నోరు పడిపోను!”

“నోరు తర్వాత పడిపోనీలేప్పా. పొద్దున్నే బిడ్డను ఈడ వదులు. పని ఉండాది నాకు.”

పని ఏమిటంటే, డోస్ చీటీలు కత్తిరించడం. పూటకెంత తాగాలో తెలిసేలా కాగితం అంచున గాట్లు పెట్టి సీసాకు అంటిస్తాం. ఒక గాటు ఒక డోస్. పూలు కట్టిన వేళ్ళు కావడంతో నాకంటే బాగా కత్తిరించేది. పక్కన నేను మందు వాడే తీరు రాసిన చీటీ మీదికి మాత్రం చూపు పోనిచ్చేది కాదు. కళ్ళు పక్కకు తిప్పుకునే జిగురు రాసేది.

అలా సాగుతుండగా, దగ్గుకూ మోకాళ్ళ నొప్పికీ మందు కోసం ఒక ముసలాయన వచ్చాడు. దగ్గుకు మిక్స్చర్, మోకాళ్ళకు లినిమెంట్, అంటే మర్దనా నూనె. రెండూ ఒకేరకం సీసాలు. నేను అటు తిరిగానో లేదో, ఆయన ఒకటి బిరడా పీకి ఎత్తాడు.

“తాతా! అది తాగేది కాదు!” అంటూ మునిలక్ష్మి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ కేకకు డాక్టరుగారు లోపలినుంచి స్టెతస్కోపుతో సహా పరుగెత్తుకొచ్చారు. దాని రెండో కొసన రోగి కూడా వచ్చాడేమోనని చూశాను.

“నీకెట్ల తెలిసె మే?” అన్నాడు ముసలాయన.

“రాసుండాది గదా తాతా, పైపూతకు అని!”

అనేసి, నోటిమీద చెయ్యి పెట్టుకుంది. సీసా వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత బీరువా దగ్గరికి నడిచి, పై అరనుంచి కింది అరదాకా తెలుగులో ఉన్న ప్రతి చీటీ పైకి చదివింది. ముసలాయన దగ్గు కూడా ఆపుకున్నాడు.

అదంతా నా పన్నాగమని చెప్పుకోవాలని ఉంది కానీ, ఆ ముసలాయన దాహం గొప్పతనం అది. మర్నాడు పిల్ల బడికి పోయింది. ఏడో ఎక్కం మాత్రం రాలేదట. జ్వరానికి ముందూ రాదని చెంగయ్యే ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత జ్వరం రోగి ఇంటికి మందివ్వడానికి వెళితే, సీసా బయటికి తీయకముందే మంచం చుట్టూ చేరినవాళ్ళను వసారాలోకి తోలేవాణ్ణి. “బిడ్డకు తెలివి లేదులే సామీ, ఏమన్నా యినపడదు,” అనేవాళ్ళు ఆడవాళ్ళు.

“యినపడతాది,” అనేవాణ్ణి. “అన్నీ యింటాది. తిరిగి అడిగేదానికి చేతగాదు, అంతే.”