ఒక చెయ్యి కట్టుకుని

ఈ పరాయి దేశంలో ఇప్పుడు నేనుండే స్కోఫీల్డ్స్‌లో కొత్త ప్లాట్ల మీద వాన పడితే లేచే వాసనకి, నమాజులో మా అమ్మీ నుదురు ఆనించే మట్టిబిళ్ల గుర్తొస్తుంది. అమ్మీ షియా, చేతులు వదిలేసి నిలబడేది. అబ్బా సున్నీ, చేతులు కట్టుకునేవాడు. వాళ్లిద్దరి పెళ్లి జరిగాక గుంటూరులో అమ్మీ వాళ్ల నాన్న, మా తాత, అబ్బాతో మాట్లాడటం మానేశాడు.

ఎందుకని చిన్నప్పుడు అడిగితే అమ్మీ, "ప్రవక్త పోయాక పెద్దరికం ఆయన మామగారికి రావాలా, అల్లుడికి రావాలా అని తగువొచ్చింది, అప్పట్నుంచీ అంతే" అంది. ఆ మామా అల్లుళ్లు మా తాతా, అబ్బానే అనుకున్నాను.

అబ్బాది అప్పుడు వైటూకే పని. రెండువేల సంవత్సరం రాగానే తప్పిపోతాయన్న తారీఖుల్ని కంప్యూటర్లలో సరిచేసి, కళ్లు ఎర్రబడి ఇంటికొచ్చేవాడు.

"తాతది కూడా ఫిక్స్ చెయ్యొచ్చుగా" అన్నాను.

"అది చాలా పాత కోడ్ రా, ఎవరూ ముట్టుకోనివ్వరు" అన్నాడు షూ విప్పుకుంటూ.

ఆ సాయంత్రం నమాజులో ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండోది వదిలేసి నిలబడ్డాను. ఇద్దరూ చూశారు. ఎవరూ సరిచెయ్యలేదు.

తాత మాట కలపకుండానే పోయాడు. నువ్వెటు అని ఇప్పుడెవరైనా అడిగితే జవాబు చెప్పే ఓపిక లేదు. నమాజుకి నిలబడ్డప్పుడు మాత్రం నా చేతులు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాయి.