కింద నుంచి చదివే మునివెంకటప్ప

పోయిన నెల మదనపల్లెలో టమాట విత్తనాల ప్యాకెట్ ఒకటి కొన్నాను, మిద్దె మీద కుండీల్లో వేద్దామని. ఇంటికొచ్చి చింపగానే మందు పట్టించిన గింజల ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. గులాబీ రంగు పొడి బొటనవేలికి అంటుకుంది. కుండీలో మట్టి తయారుగా ఉన్నా గింజలు వేయకుండా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. పుంగనూరులో మునివెంకటప్పగారి బొటనవేలు ఏడాది పొడుగునా ఇదే రంగులో ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను నిమ్మనపల్లె నుంచి వచ్చి పుంగనూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. కింద మునివెంకటప్పగారి విత్తనాల అంగడి, పైన మా సెంటర్. ఖాళీ దొరికినప్పుడల్లా నాకొక పిచ్చి పని ఉండేది. ఎవరైనా డబ్బివ్వకుండా వాడుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అందులో వేల ప్రోగ్రాములు. ఒక్కొక్కటీ ఒక్కో ప్యాకేజీ, ప్రతిదానికీ అదేం చేస్తుందో చెప్పే నాలుగు వాక్యాల వివరణ. ఆ వివరణలను తెలుగులోకి మార్చేదాన్ని. జీతం లేదు, అడిగేవాళ్లూ లేరు. నియమం మాత్రం ఒకటుంది. ఒకరు రాసింది మరొకరు చదివి సరే అనాలి, ఆ మనిషి పేరు కూడా పక్కన ఉండాలి. అప్పుడే అది అందరికీ చేరుతుంది. మా ఊళ్లో ఆ రెండో మనిషిని ఎక్కడ నుంచి తెచ్చేది?

మునివెంకటప్పగారికి తెలియని పని కనబడితే కాలు నిలిచేది కాదు. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "ఏం రాస్తాండావు పాపా?" అన్నారు. చెప్పాను. "అయితే మా ప్యాకెట్ల మాదిరే కదా! ఏదీ, ఒకటి సదువు," అని స్టూలు లాక్కున్నారు. నేను గొంతు సవరించుకుని, "నిర్దేశిత కాలమున ఆదేశములను నిర్వర్తించు ఉపకరణము," అని చదివాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "ఇది ఏ పురుక్కు కొట్టల్ల?" అన్నారు. నవ్వాపుకోలేక మామూలు మాటల్లో చెప్పాను. "మనం సెప్పిన టయానికి పని అదే మొదులుపెడతాది. అంతే కదా? మళ్ల అట్లే రాయి. యాల ఆ శ్లోకాలు?" అన్నారు. అట్లాగే రాశాను. నాకు తెలుగు బాగా వచ్చనుకునే పొగరు ఆ పూటే సగం దిగింది.

ఆయన అంగట్లో ఒక పద్ధతి ఉండేది. ప్యాకెట్ మీద ఉన్నదంతా చదివి చెప్పి, దాన్ని వెంటనే చేతికిచ్చేవారు కాదు. "ఇప్పుడు నువ్వు సెప్పప్పా," అనేవారు. ఒకసారి పెద్దమండ్యం రైతొకాయన తడబడి, మిగిలిన వేరుశనగ విత్తనాలు కడిగి వేయించుకోవచ్చన్నాడు. మునివెంకటప్పగారు సంచి వెనక్కి లాక్కున్నారు. "మందు పట్టిచ్చిండేది, కడిగినా తినకూడదు, కోళ్లకు కూడా ఎయ్యకూడదు. మళ్ల సెప్పు," అని రెండుసార్లు చెప్పించాకే ఇచ్చారు. నా వైపు తిరిగి, "ఏం వస్తాదో కంపెనీవోడు పైన పెద్దచ్చరాల్లో ఏస్తాడు పాపా. ఏం పోతాదో కింద సీమంత అచ్చరాల్లో రాస్తాడు. మనం కింద నుంచి సదవల్ల," అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది. నచ్చడం వేరు, పాటించడం వేరు.

ఆయనకు ఒక పది వివరణలు వినిపించాను. విని, ఏం అర్థమైందో తిరిగి చెప్పేవారు. కంప్యూటర్ ముట్టని మనిషి సరిగ్గా చెప్పాడంటే రాసింది సరిగ్గా ఉన్నట్టే. ఆ పదింటికీ ఆయన పేరు పెట్టాను, ఆయన్ను అడగకుండానే. తర్వాత అత్యాశ పుట్టింది. ఏ భాషలో ఎన్ని వివరణలు పూర్తయ్యాయో చూపే జాబితాలో తెలుగు ముందుకు పోవాలని వినిపించనివాటికీ ఆయన పేరే పెట్టేశాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను. తప్పు చేసే ప్రతివాడూ అనుకునే మాటే ఇది.

కొన్నాళ్లకు కుప్పం నుంచి భాగ్యలక్ష్మి అనే టీచర్ మెయిల్ రాసింది. డిస్కును భాగాలు చేసే ఒక ప్రోగ్రాము గురించి నా తెలుగు వివరణ చదివి, ధైర్యంగా వాడిందట. డిస్కులో ఉన్నదంతా పోయింది. గుడుపల్లె వైపు పిల్లలు రెండేళ్లపాటు తమ అవ్వల దగ్గర అడిగి తెచ్చిన పొడుపుకథలవి. తెలుగు, కన్నడం, అరవం కలిసిన ఆ ఊళ్ల మాటలు. "ఈ వివరణ సరిచూసినవారితో ఒక్కసారి మాట్లాడాలి," అని ముగించింది. ఇంగ్లీషు మూలం తెరిచి చూశాను. 'పాత సమాచారం పోతుంది, ముందు నకలు తీసుకోండి' అని చివరి వరుసలో ఉంది. తొందరలో నేను వదిలేసిన వరుస అదే.

నేను రాసినదాని వల్ల ఒకావిడకు నష్టం జరిగిందని మునివెంకటప్పగారికి చెప్పాను. ఆయన పేరు సంగతి మాత్రం నోట రాలేదు. క్షమాపణ ఉత్తరం రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "గింజ మొలవకుంటే నేను సేనికాడికి పోతా. ఉత్తరం రాసి కూసోను. పోదాం పద. ఆ మిషనెట్ల మింగిందో నేనూ సూస్తా," అన్నారు. కుప్పం బస్సులో దారి పొడుగునా ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ పంటల పేర్లు చెబుతుంటే, నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. మూడు మండలాల రైతులు ఆయన పేరు చెప్పి విత్తనం కొనేవారు. ఆ పేరును నేను ఏం చేశానో ఇంకాసేపట్లో తెలిసిపోతుంది.

భాగ్యలక్ష్మి టీచర్ వాళ్ల బడి కంప్యూటర్ గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కోపం మాటలో లేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. "మీరు రాశారు, సరే. మునివెంకటప్ప అని ఒకాయన సరిచూసినట్టుండాదే, ఆయన యాడుంటాడు? ఆయనకూ తట్టలేదా?" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టి నావైపు చూశారు. ఒక్క క్షణమే. తర్వాత ఆమెతో, "నేనేమ్మా మునివెంకటప్పను," అన్నారు. తప్పు తలకెత్తుకోవడానికే సిద్ధపడ్డారని అర్థమైంది. నేను ఊరుకుంటే అది ఆయన తప్పుగానే మిగిలిపోయేది. "ఆయనకేం తెలియదు టీచర్. ఇది ఆయన వినలేదు, చదవలేదు. అడక్కుండా ఆయన పేరు నేనే పెట్టినాను," అన్నాను. చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఆయన లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, "నా పేరు యాడుండాది, సూపీమ్మా," అన్నారు. ఆమె చూపించింది. వంగి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నారు. "నా పేరు బాగుండాది," అన్నారు మెల్లగా. "కానీ ఇది నేను సెప్పిండే మాట కాదు."

తిరుగు బస్సులో ఆయన కిటికీ సీటు నాకు వదిలేశారు. పలమనేరు దగ్గర ఉండబట్టలేక, "పేరు తీసేసేదా అప్పా?" అని అడిగాను. "తీసేస్తే ఆ పిలకాయల కతలు వస్తాయా? ఉండనీ. నా పేరుండేవన్నీ ఒకటొకటీ సదివి వినిపీ. నేను తిరిగి సెప్తా. సరిగ్గా రాకుంటే మళ్ల రాయి," అన్నారు.

ఆ తర్వాత ఏడాదికి పైగా రోజూ సాయంత్రం అంగడి గల్లా పక్కన అదే పని. అచ్చు తీసిన కాగితం నేను చదవాలి, కింది వరుస ముందు. ఆయన తిరిగి చెప్పాలి. సరిపోతే ఆ గులాబీ బొటనవేలు కాగితం మీద నొక్కేవారు. సంతకం రాక కాదు. "సంతకం సదవకుండా కూడా పెట్టొచ్చు," అనేవారు, నన్ను ఓరగా చూస్తూ. ఆ ఎత్తిపొడుపు నాకు కావలసిందే. కుప్పం పిల్లలు మళ్లీ ఇళ్లిళ్లూ తిరిగారు. చాలా కథలు దొరికాయి. ఈలోగా పోయిన అవ్వల కథలు మాత్రం దొరకలేదు.

మునివెంకటప్పగారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను రాసినవి భాగ్యలక్ష్మి టీచర్ సరిచూస్తుంది. ఫోన్లో చదివి వినిపిస్తాను, తిరిగి చెబుతుంది. ఆయన వేలిముద్రలున్న కాగితాల కట్ట నా బీరువాలో ఉంది. కట్ట అడుగున ముద్ర లేని కాగితం ఒకటి. ఆయన ఆసుపత్రికి వెళ్లిన రోజు సాయంత్రం వినిపించాల్సిన కొత్త వివరణ అది. అందులో తప్పేమీ లేదని నాకు తెలుసు, ఎన్నోసార్లు కింద నుంచి పైకి చదివాను. టీచరుకు వినిపిస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ దాని పక్కన ఆయన పేరు ముందే రాసిపెట్టి ఉంది, అది కొట్టేసి ఇంకొకరి పేరు రాయలేను. ఆయన దాన్ని వినలేదు. అందుకే ఇప్పటికీ పంపలేదు.