తెల్లాయన మోసిన సారె గంప

నా చిన్నప్పుడు ఒక తెల్లాయన అన్న మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని ఆయనా అడగలేదు.

మాది కడపలో అంగడి కుటుంబం. పక్కింటి ముస్లిం పెద్దమ్మ ఏటా ఉగాది పొద్దున దేవుని కడప గుడికి పోయేది. వెంకటేశ్వరస్వామి పెండ్లి చేసుకున్న బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని కడప ముస్లింల నమ్మకం. అందుకని అల్లుడి ఇంటికి పోయినట్టే బెల్లం, చింతపండు, కొబ్బరికాయలు గంపకెత్తి సారె తీసుకుపోయేవాళ్లు. ఆరేళ్లప్పటి నుంచి నేనూ ఆమె కొంగు పట్టుకుని పోయేదాన్ని.

నా తొమ్మిదో ఏట, క్యూలో మా వెనక మెడలో కెమెరాతో ఒక తెల్లాయన నిలబడ్డాడు. మాటలు తిప్పి చెప్పడానికి పక్కన కాలేజీ అయ్యవారు ఒకరు. పెద్దమ్మ ముస్లిం అని అయ్యవారి నోట విని, తెల్లాయన ఆమెను చూపించి ఏదో అడిగాడు. అయ్యవారు కాసేపు నసిగి, చివరికి చెప్పేశాడు.

"ఇది ఎవరి గుడో తెలిసే వచ్చిందా, తెలియక వచ్చిందా అంటున్నాడమ్మా."

క్యూ అంతా విన్నది. నాకు ఒళ్లు మండింది. ఆ మాటకు మనసు విరిగి పెద్దమ్మ ఇక గుడికే రాదేమోనని భయం కూడా పట్టుకుంది.

"ఆయప్పకు ఏమీ చెప్పద్దు పెద్దమ్మా. పరాయి దేశమోళ్లకు మన సంగతులు యాడ అర్థమైతాయి?" అన్నాను.

పెద్దమ్మ నవ్వింది. నెత్తి మీది గంప దించి తెల్లాయన చేతుల్లో పెట్టింది. "చేతులు నొస్తాండాయి, లోపలి దాకా మోయమను అయ్యవారూ."

చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారా? "ఏమప్పా, నువ్వు పెండ్లికూతురి మేనమామవా?" అని ఒకాయన. "వియ్యాలవారు శానా దూరం నుంచి వచ్చినారు, దారి ఇడవండప్పా" అని ఇంకొకాయన. అయ్యవారు తిప్పి చెప్పేసరికి తెల్లాయన మొహం ఎర్రబడింది. కాసేపటికి తనూ నవ్వాడు. కెమెరాను వీపు వెనక్కి తోసుకుని, కాయలు దొర్లకుండా గంపను పొట్టకు ఆనించుకుని నడిచాడు.

లోపల పూజారి గంప కోసం చేతులు చాచాడు. తెల్లాయన ఇవ్వలేదు. పెద్దమ్మకు అందించి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

బయటికి వచ్చాక కూడా నేను పట్టు వదలలేదు. "కాసేపు మోస్తే ఆయనకు తెలిసిందేమి?" అని అడిగాను.

"అంతా తెలిసిందని నేనన్లేదే. సారె ఇయ్యాల్సింది బిడ్డ తల్లే అని తెలిసింది గదా. నువ్వు మూడేండ్లుగా నా ఎంట వస్తాండావు. ఒక్క తూరన్నా గంప పట్టినావామ్మే? బెల్లం ముక్క ఎప్పుడు పెడతానా అని నా చేతులు చూస్తాంటావు."

ఆ మాట తెల్లాయన మాటకన్నా గట్టిగా తగిలింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మరుసటి ఉగాదికి మాత్రం అందరికన్నా ముందు ఆమె గడపలో నిలబడి గంప నెత్తికెత్తుకున్నాను. మెడ పట్టేసింది. దించమన్నా దించలేదు.

పరాయివాళ్లకు మన సంస్కృతి ఎన్నటికీ అర్థం కాదని ఎవరైనా నా ముందు తీర్మానం చేస్తే, ఈ వయసులోనూ ఊరుకోను. మరి మీకు ఎంత అర్థమైంది, అందులో మీరు చేసిన పనేమిటి అని అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీ. ఆ రోజు నాకూ వచ్చింది.