శీతాకాలం దొంగతనానికి ముందు

ఒక ఏడాది నవంబరులో టౌనో నలుగురి ముందూ తుయిరే పేరు బోర్డు మీంచి తుడిచేశాడు.

ఫిన్లండులో యోయెన్సూ ఊరి లైబ్రరీ మేడ మీద ఏటా ఒక గుంపు కూడుతుంది. నవంబరు నెల తిరిగేలోగా ఒక నవల పూర్తి చెయ్యాలని పందెం. బహుమతి లేదు, అడిగే నాథుడూ లేడు. కట్టుబాటు మాత్రం ఒకటుంది. అక్టోబరంతా కథ ఎంతైనా ఆలోచించుకోవచ్చు, పటాలు గీసుకోవచ్చు, రాజులకు పేర్లు పెట్టుకోవచ్చు. నవలలోని వాక్యం ఒక్కటి కూడా రాయకూడదు. తుయిరే ఒక నది వర్ణన ముందే రాసుకుని, అదీ ఆలోచన కిందకే వస్తుందనుకుంది. పైగా తనే తీసి చూపించింది. టౌనో రిటైరయ్యేదాకా బంతాటలకు అంపైరు. అలాంటివాళ్ళకు ఉద్యోగం పోయినా నోట్లో ఈల పోదు. "అవుట్" అన్నాడు, తడిగుడ్డ అందుకుంటూ. కొందరు నవ్వారు. ఆమె తన కాఫీ కప్పు కడిగి బోర్లించి ఇంటికి పోయింది. ఆ నవల మళ్ళీ ముట్టుకోలేదు.

మరుసటి ఏడు ఆమె మళ్ళీ గుంపులో చేరింది. ఆ అక్టోబరులో ఇంకో కథ దానంతటదే వచ్చి పడింది. తుయిరే బేకరీలో రై అనే ధాన్యం పిండిని రొట్టెలకు పలచగా వత్తి, మధ్యలో అన్నం జావ పెట్టి, అంచులు నొక్కుతుంది. పక్కనే హిల్క, ఆమె కన్నా పెద్దది.

"హిల్కక్కా, ఒక రాజు శీతాకాలాన్ని నేలమాళిగలో పెట్టి తాళం వేశాడనుకో. ఏమవుతుంది?"

"హాయిగా ఉంటుంది. వాకిట్లో మంచు ఎత్తక్కర్లేదని మా ఆయన పండగ చేసుకుంటాడు."

"మరి ఎలుగుబంట్లకో?"

హిల్క చేతిలో పిండి వత్తే కర్ర ఆగింది. "అయ్యో, వాటికి నిద్రెట్లా?"

"అదే మరి. ఏళ్ళ తరబడి నిద్ర లేదు. కళ్ళు ఎర్రగా చేసుకుని ఊళ్ళ మీద పడి తిరుగుతున్నాయి. ఒకటే చిరాకు."

"అచ్చం రాత్రి డ్యూటీ దిగిన మా ఆయనే."

తుయిరేకి అప్పటికప్పుడు రాసెయ్యాలనిపించింది. కాగితం తీస్తే చెయ్యి ఊరుకోదని తెలుసు. అందుకని బల్ల మూల మిగిలిన పిండితో రాజ్యం కట్టింది: కొండల వరస, నది, రాజధాని. చేతులు కడుక్కొచ్చేసరికి బల్ల ఖాళీ.

"నా కొండలేవక్కా?"

"పొయ్యిలో పెట్టేశాను. పని చేసుకోవద్దా? రాజధానిని ఎవరో టీచరమ్మ కొనుక్కుపోయింది. వెన్న కూడా అడిగింది."

తుయిరే కడుపు పట్టుకుని నవ్వింది. కొండలు పోవడమే మంచిదయింది. కథలో రాజు దగ్గర్నుంచి శీతాకాలాన్ని దొంగిలించబోయే మనిషికి దారి దగ్గరైంది.

మొదటి వాక్యం వంతెన మీద తట్టింది. తడిమంచు మొహాన కొడుతుంటే సైకిలాపి నిలబడిపోయింది. అది దొరకగానే వెనకాల నవలంతా బారులు తీరి కనిపించింది. జేబులో ఫోను మీదకి పోయిన చేతిని వెనక్కి లాక్కుంది. రాస్తే మళ్ళీ అవుట్. రాయకపోతే మరిచిపోవచ్చు, అది పోతే కథకు తలుపే లేదు. అప్పట్నుంచీ అంచులు నొక్కుతూ, బట్టలు ఆరేస్తూ, ఆ వాక్యాన్నే పెదాల మీద తిప్పుకుంది. హిల్క ఎంత బతిమాలినా చెప్పలేదు.

అక్టోబరు ఆఖరి సాయంత్రం గుంపులో ఒక ఆనవాయితీ ఉంది. ఒక్కొక్కరూ తమ కథ నోటితో చెప్పాలి. వినేవాళ్ళు "తర్వాత?" అని తప్ప ఇంకేమీ అడగకూడదు. తుయిరే మొదట్లో తడబడింది. దొంగ ఒక రొట్టెలు చేసే ఆడమనిషి అంది. శీతాకాలాన్ని పిండిలో కలిపి, బుట్టలో పెట్టి ఎత్తుకొస్తుంది అంది.

"తర్వాత?"

"ఎక్కడ కాసేపు ఆగినా ఆ పిండి పొంగుతుంది. పొంగిన చోటల్లా మంచు కురుస్తుంది. సైనికులకు జాడ దొరికిపోతుంది. అందుకని ఆమె కూర్చోకూడదు, పడుకోకూడదు."

"తర్వాత?"

"ఆమె వెనకాల ఒక ఎలుగుబంటి ఆవలిస్తుంది."

"తర్వాత?" ఈసారి అడిగింది టౌనో. అతని కాఫీ చల్లారిపోయింది.

అందరూ వెళ్ళాక కోట్లు తగిలించే చోట అతను ఆమెను ఆపాడు. "మొదటి వాక్యం దొరికిందా?"

"దొరికింది. పొద్దుటికి జారిపోతుందేమోనని భయంగా ఉంది."

టౌనో చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. "ఇక్కడే రాసేసుకో. నేను గోడకేసి తిరుగుతాను." అని నిజంగానే తిరిగాడు. అంపైర్లు నోటితో క్షమాపణ అడగరు, ఇంతకన్నా అడగడం వాళ్ళకు చేతకాదు.

ఆమె పెన్ను అందుకుంది. వాళ్ళు చివరిసారిగా కలిసింది అదే. నవంబరంతా తుయిరే లైబ్రరీ వైపు రాలేదు, బేకరీ నుంచి తిన్నగా ఇంటికే పోయి రాసుకునేది. చలికాలం ముదిరాక టౌనో కూతురి దగ్గరికి ఓలు నగరానికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె పెన్ను అతని జేబులో తిరిగి పెట్టి, టోపీ చెవుల మీదకి లాక్కుంటూ అంది: "వద్దులే టౌనో. ఇప్పుడు రాస్తే సగం ఆకలి ఇక్కడే తీరిపోతుంది. ఈ వాక్యాన్ని ఆకలితోనే ఇంటికి పోనీ."