ఫ్లాస్కులో ఉన్నవి తాగే నీళ్లు కావు

మాది గోపాల్‌పేట. రెండువేల ఐదు ప్రాంతం, నడివేసవి. షుగరున్న మా నాయనకు ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదు. "ఆ నీటిలో ఏడీఏ అనే ఎంజైము ఎంతుందో చూస్తే కొంత తేలుతుంది" అని వనపర్తి డాక్టరు కాస్త నీరు తీసి చిన్న సీసాలో ఇచ్చాడు. దాన్ని ఐసుముక్కల మధ్య ఫ్లాస్కులో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను.

సాయంత్రంలోపు ల్యాబులో ఇవ్వాలి. బస్సేమో చెయ్యెత్తిన చోటల్లా ఆగుతోంది. నిమ్మళంగా కూర్చోలేక మాటిమాటికీ మూత తీసి ఐసు చూస్తున్నాను. పక్కసీటు అవ్వ అది గమనించింది.

"బిడ్డా, దూపైతుంది. జర గా సల్లనీళ్లియ్యి."

"ఇయ్యరాదవ్వా" అన్నాను. టీబీ పేరెత్తితే దింపేస్తారని భయం.

"ముసలామె దూపంటే నీళ్లియ్యవా? ఏం మనిషివమ్మా!" వెనకసీట్లవాళ్లు నా మీదికి లేచారు. ఇంతలో అవ్వే ఫ్లాస్కు అందుకుని మూత తిప్పబోయింది.

"తాగేటియి కావవ్వా! మా నాయన రొమ్ముల చేరిన నీళ్లు! టీబీ ఉందో లేదో పరీక్షకు తీస్కపోతున్న!" అని అరిచేశాను.

ముందుసీటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం జరగలేదు.

"నాకు గూడ షుగరే బిడ్డా. గందుకే గింత దూప."

ఏడీఏ ఎక్కువగానే వచ్చింది. టీబీ మందులతో నాయన కోలుకున్నాడు. కానీ నాకు గుర్తుండిపోయింది రిపోర్టు కాదు. జడ్చర్లలో ఎవరో నీళ్ల ప్యాకెట్టు ఇస్తే, అవ్వ సగమే తాగింది. మిగతా నీళ్లతో తన కొంగు తడిపి ఫ్లాస్కుకు చుట్టింది. హైదరాబాదు దాకా ఆ కొంగు విప్పలేదు.