పద్నాలుగు సార్లు విన్న మందుచీటీ

ఆపరేటర్ బాబాయ్ పోయారన్న కబురు నాకు ఫోన్ గ్రూపులో తెలిసింది. "ఆపరేటర్ గారు ఇక లేరు. నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే లంబసింగి దాటాక దారిలోనే ప్రాణం పోయింది" అని జిరాక్సు షాపాయన రాశారు. ఆ కబురు కింద నా ఫోను, జవాబు రాసే శ్రమ నాకెందుకని కాబోలు, మూడు మాటలు సిద్ధం చేసి పెట్టింది: సరే, ధన్యవాదాలు, చాలా బాగుంది. ఫోన్ని బల్ల మీద బోర్లించి, కాలేజీ ల్యాబులో పిల్లల ముందే కూలబడిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. డొంకరాయి డ్యామ్ దగ్గర మా నాన్నతో కలిసి పనిచేసిన కంట్రోల్ రూమ్ ఆపరేటర్. విజయనగరం వైపు రైతుల ఇంట పుట్టినవారు. కొండ మీది ఒడియా మాట్లాడే ఆవిడను, నేను పిన్ని అని పిలిచే ఆమెను, పెళ్ళి చేసుకుని, రిటైరయ్యాక ఆమె ఊళ్ళోనే ఉండిపోయారు. చింతపల్లి నుంచి జీపులో గంట ప్రయాణం. రిటైరైన వాళ్ళు స్థలాలు కొంటారు. ఈయన పాత కంప్యూటర్ కొని, దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి మంచం మీద పరిచారు. "మీ బాబాయికి పిచ్చెక్కింది" అని పిన్ని నాకు కబురు పెట్టింది.

శనివారం సాయంత్రాలు మేము చింతపల్లి జిరాక్సు షాపులో చేరేవాళ్ళం. కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ళం ఓ ఏడెనిమిది మందిమి. బ్యాంకు గుమస్తా ఒకాయన, సెల్ రిపేరు చేసే ఆయన, ల్యాబు చూసుకునే నేను, ఇంకా కొందరు. బయట చలికి జనం మంటలు వేసుకుంటుంటే లోపల మేము మాటలతోనే వేడెక్కిపోయేవాళ్ళం. ఉచిత సాఫ్ట్‌వేర్ గొప్పదా, కొనుక్కున్నది గొప్పదా? ఏఐ మన ఉద్యోగాలు తింటుందా, కొత్తవి పెడుతుందా? బ్యాంకు గుమస్తా ప్రతి కొత్త వార్తనూ తన ఇంట్లో కొడుకు పుట్టినట్టు చెప్పేవాడు. బాబాయ్ మూల స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, టీ ఊదుకుంటూ అంతా వినేవారు.

"ఈ కొత్త మోడల్ అన్ని పరీక్షల్లోనూ ఫస్టటండీ" అన్నాడొకసారి గుమస్తా.

"పరీచ్చ ఎట్టిందెవులు?" అన్నారు బాబాయ్.

"దాన్ని తయారుచేసిన కంపెనీయే."

"మా ఊరి బడిలో కూడా మేస్టారి కొడుకే ఫస్టొచ్చీవోడు బాబూ."

నవ్వి నవ్వి మా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గుమస్తా మాత్రం రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే ఒక్కోసారి ఆయన మీద నాకు ఒళ్ళు మండేది. ఏదైనా మొదలుపెడదామంటే చాలు, "గేటెత్తీ ముందు కింద ఎవులున్నారో సూడమ్మా" అనేవారు. నీళ్ళు వదిలే ముందు సైరన్ మోగించి, ఏటి ఒడ్డున బట్టలుతికే వాళ్ళు, గొడ్లను కడిగే వాళ్ళు పైకి వచ్చేదాకా ఆగిన మనిషి. ఆ ఆగడం ఆయన ఒంట్లో ఉండిపోయింది. "మిషను తప్పు సెప్తే మిషనుకేటీ అవదు. అదే దానికీ మనకీ తేడా" అని కూడా అనేవారు.

కిందటేడాది మేమంతా కలిసి ఒక పని తలకెత్తుకున్నాం. డాక్టరు రాసిన మందుచీటీని ఫోటో తీస్తే, ఏ మాత్ర ఎప్పుడు ఎంత వేసుకోవాలో కొండ ఒడియాలో పైకి చెప్పే యాప్. నెట్ అక్కర్లేదు, ఫోనులోనే పనిచేసే చిన్న మోడల్. దాని మీద జరిగిన వాదాలు అన్నీ ఇన్నీ కావు. పెద్ద మోడల్ని నెట్ ద్వారా వాడుకుంటే తప్పులు తగ్గుతాయని గుమస్తా. ఘాట్ రోడ్డు మలుపు తిరిగితే సిగ్నలుండదు, అప్పుడు రోగి ఏం చేస్తాడని నేను. ఎవరిది ఎక్కువ తెలివో తేలేలోపు, బాబాయ్ తన బీపీ చీటీ తీసి బల్ల మీద పెట్టారు.

"ముందు నా సీటీ సదవమను."

అందులో డాక్టరు పొద్దున ఒకటి, మధ్యాహ్నం సున్నా, రాత్రికి అర అని అంకెల్లో రాశారు. మా యాప్ ఆ అరలో పైనున్న ఒకటిని వదిలేసి, కింది రెండునే చదివి, రాత్రికి రెండు మాత్రలు వేసుకోమంది. సగం మాత్ర ఎక్కడ, రెండు మాత్రలు ఎక్కడ!

"ఎల్లిపోయీవోడ్నే అయితే" అని ఆయనొక్కరే నవ్వారు.

వారం రోజులు కూర్చుని దాన్ని సరిచేశాను. కొత్త వెర్షన్ అందరి ఫోన్లకూ పంపాను. అప్పటినుంచి ఆయన తన దగ్గర పోగుచేసిన చీటీలన్నీ ఒక్కొక్కటిగా వింటూ, ప్రతిదానికీ 'సరి' అనో 'తప్పు' అనో నొక్కుతూ వచ్చారు. ఏ చీటీ, ఎన్నిసార్లు విన్నారు, సరా తప్పా, ఇంతే మా దగ్గరికి వస్తుంది. రోగి వివరాలు ఫోను దాటి బయటికి పోకూడదని బాబాయే పట్టుబట్టారు. ఫోనులో ఉన్నది పాత వెర్షనో కొత్తదో కూడా దాంతో పాటు రావాలని నాకు తోచలేదు. ఆ తెలివితక్కువతనం పూర్తిగా నాదే.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం కంప్యూటర్ తెరిస్తే ఆయన ఫోను నుంచి వచ్చిన చివరి రికార్డు కనబడింది. ఊళ్ళో సిగ్నల్ లేక ఆగిపోయి, ఆయన్ని కిందికి తీసుకెళ్తున్న జీపులో, ఆయన జేబులోంచే వచ్చింది. చివరి రోజు ఒకే చీటీని పద్నాలుగు సార్లు విన్నారు. ఆయన సొంత చీటీ. సరి అని నొక్కలేదు, తప్పు అనీ నొక్కలేదు.

కొత్త వెర్షన్ ఆయన ఫోనుకు అందిందా? అందకపోతే అది మళ్ళీ రెండు అందా? ఈమధ్య పెరిగిన మతిమరుపులో దాని మాట విని ఆయన వేసేసుకున్నారా? రెండు రోజులు ముద్ద దిగలేదు. కళ్ళు మూస్తే చాలు, ఆ ఆడగొంతు, మేము ఎంతో ముచ్చటపడి ఎంచుకున్న ఆ మెత్తని గొంతు, రాత్రికి రెండు అంటున్నట్టే ఉండేది.

గ్రూపులో చెబితే, అది లెక్కలో వచ్చిన చిన్న తేడా అయి ఉంటుంది, భయపడకండి అన్నారు. "వచ్చే సంతకి యాప్ విడుదల చేసేద్దాం మేడమ్. ఆయన పేరే పెడదాం. ఆయనకి మనం ఇంతకంటే ఏం ఇవ్వగలం?" అని గుమస్తా రాశాడు. మిగతావాళ్ళంతా దండాల బొమ్మలు పెట్టారు. ఆయన బతికుండగా వారం వారం పోట్లాడినవాడు, ఇప్పుడు నిజంగానే ఏడుస్తున్నాడని నాకు తెలుసు. అందుకే తిట్టలేకపోయాను.

మూడో రోజు పొద్దున్నే జీపెక్కాను. దారి పొడుగునా నేను అనుకున్నది ఒక్కటే: పిన్ని నా మొహం చూసి ఏమంటుంది?

పిన్ని పీట వేసింది, కాఫీ ఇచ్చింది. ఫోను గూట్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. ముందు వెర్షన్ చూశాను. కొత్తదే. చీటీ తెరిచి నొక్కాను. ఆ గొంతు మాట్లాడింది. నాకొచ్చిన ఒడియా సంతలో బేరానికి సరిపోతుంది గాని, ప్రాణానికి సరిపోదు.

"ఏమంటోంది పిన్నీ?"

"పొద్దున ఒకటి, రేత్రికి సగం. సరిగ్గానే సెప్తంది. ఎన్నిసార్లేస్తే అన్నిసార్లూ అదే సెప్తంది."

నాకు ఏడుపు ఆగలేదు. పిన్ని నా వీపు నిమిరింది. భర్త పోయిన మనిషి నన్ను ఓదార్చడం ఏమిటని సిగ్గేసింది కూడా.

"మరి సరి అని ఎందుకు నొక్కలేదు పిన్నీ? అన్నిసార్లు ఎందుకు విన్నారు?"

"నాను సరే అననేదమ్మా. నువ్వు సరేనంటేనే నొక్కుతానని నాతో అన్నారు మీ బాబాయ్. మాట మా మాటే, తప్పు నేదు. గానీ అది సెప్పీసి ఊరుకుంటంది. మా ఆస్పత్రి నర్సమ్మయితే సెప్పి, ఏదీ నువ్వు మళ్ళా సెప్పు అంటాది. మనం సెప్పాకే మందు సేతికిత్తాది. ఇది అడగదు. ఇన్నామో నేదో దీనికేటి పట్టింది?"

"అని చెప్పారా బాబాయ్‌కి?"

"సెప్పినాను. అలగయితే అది అడగాల్సింది నానడుగుతానన్నారు. ఆ రోజల్లా అదే పని. అది సెప్పడం, ఏదీ సెప్పవే అని ఆయనడగడం, నాను సెప్పడం. ఆయనకి మతిమరుపు కదా. నాకొస్తే సాలని."

ఎన్ని నెలలు వాదించుకున్నాం! పెద్ద మోడలా, చిన్న మోడలా, ఏ గొంతు, ఏ రంగు బొత్తం. విన్నవాళ్ళకు అర్థమైందో లేదో అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పిన్ని వాళ్ళ అరుగు మీద నుంచే గ్రూపుకి కబురు రాసిపెట్టాను: ఈ సంతకి విడుదల లేదు, ఏ సంతకో ఇప్పుడు చెప్పలేను. జీపు రోడ్డెక్కి సిగ్నలు అందాక అది తనంతట తానే పోతుంది. గుమస్తా కోప్పడతాడు. కోప్పడనీ.

లేవబోతుంటే పిన్ని కూర్చోమంది. నేను అడక్కుండానే, కళ్ళు మూసుకుని, బడిపిల్ల పాఠం ఒప్పచెప్పినట్టు, తన భాషలో ఒకసారి, నా కోసం తెలుగులో ఒకసారి ఆయన మందుల వేళలన్నీ చెప్పింది. పొద్దున ఒకటి. మధ్యాహ్నం వద్దు. రాత్రికి సగం. ఒక్కటీ తప్పలేదు. చెప్పడం అయ్యాక కొంగు ముడి విప్పి, కాగితం మడత తీసి, బ్లేడుతో రెండుగా కోసిన మాత్రలో మిగిలిన సగం నాకు చూపించింది.

"ఆ రేత్రి ఆయనేసుకోగా మిగిలింది. మర్నాటి రేత్రికని దాసినాను. ఇప్పుడు దీన్నేటి సెయ్యాలమ్మా?"

పిన్ని ఆ సగం మాత్రను మళ్ళీ కాగితంలో మడిచి కొంగున ముడేసుకుంది.