మూడో బారీ

1948 చలికాలం. మెదక్ హైస్కూల్లో నేను డ్రిల్ మాస్టర్‌ని. పోలీస్ యాక్షన్‌కు మూతపడిన బడి అప్పుడప్పుడే తెరుచుకుంది. హాజరు పిలిస్తే సగం పేర్లకు పలికే పిల్లలు లేరు. కొన్ని ఊళ్లలో కమ్యూనిస్టు సంఘపోళ్లు, కొన్ని ఊళ్లలో మిలిటరీ. ఆ రోజుల్లో పిల్లల్ని గడప దాటించే ధైర్యం ఎవరికుంటుంది? అట్లాంటప్పుడు నా బుర్ర నిండా ఉన్నది మాత్రం ఒక్కటే బాధ. సంగారెడ్డి స్కూలు జట్టుతో మ్యాచ్ వస్తోంది, బౌలింగ్ ఎవరెవరు వేయాలి? నవ్వితే నవ్వండి. నా నౌకరీ అదే.

క్రికెట్లో ఒక బౌలర్ వరుసగా కొన్ని ఓవర్లు వేసి అలసిపోతాడు. దాన్ని స్పెల్ అంటారు. తర్వాత ఇంకొకరి వంతు. మా బడిలో ఆ వంతును బారీ అనేవాళ్లం. సీజన్ మొదలయ్యే ముందే ఎవరి బారీ ఎప్పుడో కాగితం మీద రాసి ఆటల గది తలుపుకు అంటించేవాణ్ణి. మొదటి రెండు బారీలు ఫాస్ట్ బౌలర్లవి. బంతి అప్పుడు కొత్తగా, గట్టిగా ఉంటుంది. అసలు పరీక్ష మూడో బారీ. అప్పటికి బంతి తోలు గరుకు తేలుతుంది, బ్యాట్స్‌మెన్ కుదురుకుంటారు. ఆ సమయానికి లెగ్ స్పిన్ వేసేవాడు కావాలి. మణికట్టు తిప్పి వేస్తే, నేల మీద పరిచిన కొబ్బరి నార చాప మీద పడి బంతి పక్కకు తిరగాలి.

మూడేళ్లుగా మా మూడో బారీ ఖలీల్‌ది. తహసీల్ ఆఫీసులో పేష్కారుగా పనిచేసే గుమాస్తా గారి కొడుకు. మిగతా పిల్లలకు నేను నేర్పాను గానీ, వాడికి ఏమి నేర్పాను? సాయంత్రాలు వాడి వెనక నిలబడి ఆ మణికట్టు చూస్తూ ఉండేవాణ్ణి, అంతే. అట్లా చూడటం నాకు ఎంత ఇష్టమో వాడికి ఒక్కనాడూ చెప్పలేదు. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని మా కాలం మాస్టర్ల పిచ్చి.

బడి తెరిచిన వారానికే ఖలీల్ నా గదికి వచ్చాడు. ఉతికిన షేర్వానీ, తల స్నానం. వాడి తరగతి హాజరు, సెలవులు చూసేది నేనే; ఆ రిజిస్టర్‌లో తల దూర్చి ఉన్నాను.

"మాస్టర్‌సాబ్, రుఖ్సత్ తీస్కుందామని వచ్చిన."

అప్పట్లో మా బడి రాతకోతలన్నీ ఉర్దూలోనే. సెలవును రుఖ్సత్ అనే రాసేవాళ్లం.

"ఎన్ని దినాలు?" అన్నాను తలెత్తకుండా.

"మీరే రాసుకోండ్రి, మాస్టర్‌సాబ్."

"ఎనిమిది దినాలు రాస్తున్న. గంతకంటె ఎక్కువైతే నీ మణికట్టు మొద్దువారుతది. ఇనవడ్డదా?"

వాడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. "ఏందిరా, గింత మస్కా కొడుతున్నవ్? ఇచ్చిన గద రుఖ్సత్!" అన్నాను.

ఎనిమిది రోజులు పోయాయి. ఇరవై పోయాయి. వాళ్ల నాయన నౌకరీ పోయిందని విన్నాను. పరేషాన్‌లో ఉన్నారు, సర్దుకుంటే వస్తాడనుకున్నాను. నెల దాటితే పేరు ఖారిజ్ చేయాలి, అంటే కొట్టెయ్యాలి. నేను కొట్టెయ్యలేదు. నా చేత్తోనే వాడి సెలవు రెండుసార్లు పొడిగించాను.

మా కెప్టెన్ నర్సింలు కుల్చారం నుంచి వచ్చి చదువుకునేవాడు. వాడికి ఓపిక తగ్గింది.

"సార్, మూడో బారీ బాలయ్యకు ఇయ్యుండ్రి. రోజు గంటలు గంటలు ఏస్తుండు పాపం."

"ఖలీల్ వస్తడు. సెలవుల ఉన్నడు."

"రాకుంటే ఎట్ల సార్? మ్యాచ్ మీదికొచ్చింది."

"వస్తడంటున్న గద! నువ్వు మాస్టర్‌వా, నేనా?"

అరిచాను గానీ, రోజూ సాయంత్రం గేటు వైపు చూడటమే నా పని అయిపోయింది.

మ్యాచ్ మూడు రోజులుందనగా ఇక ఉండబట్టలేక ఖలీల్ ఇంటికి వెళ్లాను. ఇంట్లో వాళ్ల అమ్మమ్మ ఒక్కతే ఉంది. చాటలో బియ్యం ఏరుతోంది.

"రండ్రి మాస్టర్‌సాబ్, కూసోండ్రి."

"ఖలీల్ ఏడమ్మా? సెలవు అయిపోయింది. మ్యాచ్ ఉన్నది."

ఆమె చాట పక్కన పెట్టింది. "ఏం సెలవు? అందరు బంబై పోయిండ్రు. ఆడికెల్లి జహాజ్ ఎక్కి దేశం ఇడిసి పోతమన్నరు. నేను రానన్న, నా కబర్ గీ ఊర్లనే అన్న. పోయే దినం పొద్దుగాల తానం చేసి మీ తానకే వచ్చిండు గద. తిరిగొచ్చి, 'మాస్టర్‌సాబ్ రుఖ్సత్ ఇచ్చిండు నానీ, నవ్వుకుంట ఇచ్చిండు' అని ఒకటే ఏడ్సుడు."

అరుగు మీద కూలబడ్డాను. రుఖ్సత్ అంటే వీడ్కోలు కూడా. మన సెలవు మాటకూ రెండు అర్థాలు లేవూ? పిల్లవాడు కడసారి చూసిపోదామని వస్తే, నేను రిజిస్టర్ అర్థం పట్టుకుని ఎనిమిది దినాలు రాసిచ్చాను. వాడి మొహం వైపు సరిగ్గా చూడనైనా లేదు.

"మంచిగ ఏస్తుండెనా నా మనవడు? నేను ఒక్కదినం గూడ సూడలే" అంది ఆమె.

"వాని అసొంటోడు నాకు మళ్ల దొరకడమ్మా" అన్నాను. ఆ మాట చెప్పాల్సినవాడు అప్పటికి ఏ సముద్రం అవతల ఉన్నాడో. ఏడుపు ఆగలేదు. ముసలామె ముందు సిగ్గు కూడా వెయ్యలేదు.

మర్నాడు మూడో బారీ దగ్గర బాలయ్య పేరు రాశాను. నర్సింలు అది చదివి నా మొహం చూశాడు. బాలయ్య బాగానే వేశాడు. గెలిచాం కూడా. పిల్లలు నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోతే కసిరి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఎంతోమంది లెగ్ స్పిన్నర్లను చూశాను, కొందరికి నేర్పాను. అయినా బంతి పాతబడిన వేళకు ఖలీల్ మీదికి మనసు పోకుండా ఒక్క మ్యాచ్ కూడా గడవలేదు.

నౌకరీ ఉన్నన్నాళ్లు ఎందరికో సెలవులు ఇచ్చాను. కడుపునొప్పి అని వచ్చినా, అక్క పెళ్లి అని వచ్చినా ముందు కలం కింద పెట్టేవాణ్ణి. లేచి నిలబడి, మొహం చూసి, "పోయిరా" అనేవాణ్ణి. ఒక్క పూట సెలవుకు ఇంత తతంగమా అని పిల్లలు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. ఖలీల్‌కు ఆ ఒక్క మాట చెప్పలేదు నేను.